తెచ్చిన చెయ్యి, ఇచ్చిన చెయ్యి

వెరోనికా అమెరికాలో దొంగని పట్టుకుందన్న వార్త శుక్రవారం సాయంత్రం ఇంటికి చేరింది. శనివారం మధ్యాహ్నానికల్లా బర్మాలో యాంగోన్ శివారునున్న మింగళాడోన్‌లో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ చుట్టేసింది. ఆ వార్తకి కాళ్ళు తొడిగినవాడు ఆమె పెదనాన్న ప్రభుదాసు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరై ఇప్పుడు చర్చిలో పెద్దగా ఉంటున్నాడు. చాలా మంచివాడు, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"మా గుంట అమెరికా ఓట్ల దొంగని పట్టీసినాదర్రా! రేపు సాయింత్రం ఆరున్నరకి దాని పేరు అమెరికా అంతా సూస్తాది," అని టీ కొట్టు దగ్గర ఆగి మరీ చెప్పాడు. పరాయి దేశం ఓట్ల సంగతి మనకెందుకని అడిగినవాళ్ళకి, "దొంగ ఏ దేశపోడైనా దొంగే కదేటి?" అని జవాబిచ్చాడు.

నిజం చెప్పాలంటే ఆ పిల్ల అమెరికా వెళ్ళలేదు, ఎవరి చొక్కా పట్టుకోలేదు. యాంగోన్ నడిబొడ్డున లత అనే పేటలో, బంగారం కొట్ల వీధిలో మూడో అంతస్తు మీద పదకొండు మంది పనిచేసే చిన్న ఆఫీసు ఒకటుంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని కాగితాల మీది లెక్కలు ఎక్కిస్తుంది. అమెరికాలో కాంగ్రెస్‌కి (అంటే అక్కడి పార్లమెంటుకి) పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తనకి ఎవరు ఎంత చందా ఇచ్చారో ప్రభుత్వానికి చెప్పాలి. తమవాళ్ళ దగ్గర డబ్బు పోగుచేసి అభ్యర్థులకి చందాలివ్వడానికి రకరకాల సంఘాలు కమిటీలు పెట్టుకుంటాయి, అవీ చెప్పాలి. ఆ లెక్కలన్నీ జనానికి అర్థమయ్యేలా వెబ్‌సైటులో పెట్టే స్వచ్ఛంద సంస్థ ఒకటి అక్కడుంది. పెద్ద అభ్యర్థుల లెక్కలు కంప్యూటర్లే మింగేస్తాయి. చిన్న అభ్యర్థులు చేత్తో గిలికి పంపిన కాగితాలు మాత్రం వాటికి కొరుకుడు పడవు. ఆ కాగితాల ఫొటోలు వెరోనికా వాళ్ళ ఆఫీసుకి వస్తాయి.

కోడి గీతలనైనా చదివేస్తుందని ఆఫీసులో ఆమెకి పేరు. చేరి తొమ్మిది నెలలే అయినా, తనిఖీ చేసే కుర్చీ ఒకటి ఖాళీ అయితే అది నీకేనని ఆఫీసు నడిపే మణిమాల మాటిచ్చింది. మణిమాలది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. ఆఫీసులో బర్మావాళ్ళు తమ మర్యాద ప్రకారం పేరు ముందు 'డా' చేర్చి ఆవిడని డా మణిమాల అంటారు. వెరోనికా మాత్రం అక్కా అంటుంది.

ఇంతకీ ఆమె పట్టిన దొంగ ఒక పశువుల డాక్టరమ్మ. పేరు నోరా విట్‌కోం. ఎక్కడో కొండల మధ్య ఉన్న ఊళ్ళ నుంచి మొదటిసారి పోటీ చేస్తోంది. ఆవిడ పంపిన కాగితాల్లో తేనెటీగలు పెంచేవాళ్ళ కమిటీ పేరు మీద తొమ్మిది వేల రెండు వందల డాలర్లు కనిపించాయి. ఒక కమిటీ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి అయిదు వేలకి మించి ఇవ్వకూడదన్నది అక్కడి చట్టం. వెరోనికా ఆ వరసకి ఎర్ర రంగు వేసి పంపింది. అక్కడి సంస్థలో ఆ పని చూసే డోరతీ అనే ఆవిడ శుక్రవారం జవాబు రాసింది. నీ కన్ను చాలా చురుకైనదని, ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఈ సంగతి మొదటి పేజీలో పెడుతున్నామని, 'కనిపెట్టింది వెరోనికా, యాంగోన్' అని కింద వేస్తామని. అక్కడ పొద్దున్న ఎనిమిదైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర.

ఆ ఉత్తరం వెరోనికా ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలీదు. పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ ఎవరికుండదు? దాని పక్కన కుర్చీ ఆశ కూడా చేరితే ఇక నిద్దరెక్కడ పడుతుంది!

ఆదివారం చర్చిలో కోతపండుగ. వానాకాలం వెళ్ళిపోయి, ఆవరణలో నేల అప్పుడప్పుడే గట్టిపడుతోంది. ఇంటింటి నుంచీ గుమ్మడికాయలు, అరటిగెలలు, ఎండు చేపలు, రెండు కోళ్ళు, ఎవరో కుట్టిన దిండు గలీబులు వచ్చాయి. ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఒక్కొక్కటే ఎత్తి పట్టుకుని వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాళ్ళది వస్తువు, వచ్చిన డబ్బు చర్చి పైకప్పుకి. ప్రతి ఏడూ లెక్క రాసేది ప్రభుదాసే. ఈసారి మాత్రం పుస్తకం తెచ్చి వెరోనికా ఒళ్ళో పెట్టాడు.

"అమెరికా లెక్కలే రాసినావు. మన గుమ్మడికాయల లెక్క నీకో లెక్కేటి? కూర్సో," అన్నాడు.

ఆమె గర్వంగానే కూర్చుంది. గర్వపడేది సాయంత్రం దాకా ఎందుకు ఆగాలి?

ఈ చర్చిలో ఒక పద్ధతి ఉంది. రాలేనివాళ్ళు తమ చందా ఎవరి చేతనైనా పంపుతారు. అప్పుడు ఇచ్చినవాళ్ళ పేరు చదువుతారు, తెచ్చినవాళ్ళ పేరూ చదువుతారు, రెండింటికీ మొత్తం చెబుతారు, ఇద్దరినీ దీవిస్తారు. ఎప్పుడో తాతల కాలంలో, ఓడ రేవులో మూటలు మోసే రోజుల్లో, పదిమంది కూలీల చందా మూటగట్టి మైళ్ళు నడిచి తెచ్చిన ఒకాయన పేరు చదవడం మరిచిపోయారట. ఆయన అలిగి ఏడాది పాటు చర్చి మొహం చూడలేదట. అప్పటి నుంచీ తెచ్చిన చెయ్యిని మరిచిపోవడం లేదు. వెరోనికా పుట్టినప్పటి నుంచీ వింటున్నది ఇదే. ఫలానావారు పది వేలు, ఫలానావారి చేతుల మీదుగా పది వేలు, ఆమెన్.

పాట మొదలైంది. అరటిగెల దగ్గర ఇద్దరు వియ్యంకులు పంతాలకి పోయి, బజార్లో నాలుగు గెలలు వచ్చే ధరకి ఒక్క గెల పాడారు. కోడి పాస్టరు గారి చేతిలోంచి ఎగిరిపోయి పియానో కిందకి దూరితే, అది కిందుండగానే పాట పూర్తయింది. వెరోనికా చకచకా రాస్తోంది. ఇంతలో బేబీ ఆయాసపడుతూ వచ్చింది. ఊరికి ఆ చివరనున్న లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల. వెరోనికా అమ్మమ్మ ఎస్తేరు రాణికి పక్కింటి మనిషి.

"మీ అమ్మమ్మకి మోకాళ్ళు లేవనియ్యలేదు. రెండు బస్సులెక్కలేనన్నాది. యాబై ఏలు నా సేత పంపినాది," అని నోట్లు పెట్టెలో వేసింది.

వెరోనికా రాసింది. ఎస్తేరు రాణి, యాభై వేలు. బేబీ చేతుల మీదుగా, యాభై వేలు. పాస్టరు గారు రెండూ చదివారు. బేబీ చెమట తుడుచుకుంటూ నవ్వింది.

పన్నెండున్నరకి పాట ముగిసింది. పుస్తకంలో కూడితే ఎనిమిది లక్షల డెబ్బై అయిదు వేల క్యాట్లు. పెట్టెలో ఎనిమిది లక్షల ఇరవై అయిదు వేలు. ప్రభుదాసు బొటనవేలు తడి చేసుకుని మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ అంతే.

"యాబై ఏలు ఏవైనాయర్రా?" అన్నాడు గట్టిగా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని సామెత. ఆ రోజు నిజంగానే గుమ్మడికాయల మధ్య నిలబడి అందరూ జేబులు తడుముకున్నారు. పాస్టరు గారు కూడా తడుముకున్నారు. అరటిగెల పాడిన వియ్యంకుడు, నానిచ్చీసినాను బాబూ అని అడగకుండానే ప్రమాణం చేశాడు.

ప్రభుదాసు కళ్ళజోడు సవరించుకుని పుస్తకం మీద వేలు పెట్టి కిందకి దిగుతూ ఒకచోట ఆగాడు. తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఓలమ్మా! ఇదేటి సేసినావే? మీ అమ్మమ్మ యాబై ఏలూ కూడీసినావు, బేబీ యాబై ఏలూ కూడీసినావు. ఆ నోట్లే కదే ఈ నోట్లు! బేబీ మోసుకొచ్చినాది గానీ ఇచ్చినాదేటి? తెచ్చిన సెయ్యిని దీవించాల, లెక్కలో కూడకూడదు. ఇన్నేళ్ళూ నాను కూడినానేటి?"

"మరి రెండూ చదువుతారు కదా, పెదనానా?"

"సదువుతాం. కూడం. సదివింది మన మరియాద కోసం, కూడింది డబ్బు కోసం."

చర్చి అంతా ఘొల్లుమంది. అమెరికా లెక్కలు సూసే గుంట గుమ్మడికాయల కాడ బోల్తా పడినాదని ఎవరో అన్నారు. అందరితో పాటు నవ్వబోయింది వెరోనికా. నవ్వు సగంలో ఆగిపోయింది.

తేనెటీగలవాళ్ళ కమిటీ గుర్తొచ్చింది. ఆ పేరు కింద చాలా పేర్లున్నాయి. చిన్న చిన్న మొత్తాలు, యాభై, వంద, మూడు వందలు. ఆ పేర్లన్నీ ఎక్కించింది. పైన కమిటీ పేరూ, అదీ ఇచ్చిన చెయ్యే అన్నట్టు, ఎక్కించింది. చేతికి అదే అలవాటు మరి, చెయ్యి వేసినవాళ్ళ పేర్లన్నీ రాయాలి. కమిటీ ఇవ్వలేదేమో. ఆ చిన్నవాళ్ళు ఇస్తే మోసుకొచ్చి అప్పజెప్పిందేమో. అదే నిజమైతే డాక్టరమ్మ ఏ తప్పూ చెయ్యలేదు. ఇంకో ఆరు గంటల్లో, ఓట్లకి పట్టుమని పది రోజులు లేని సమయంలో, ఆవిడ దొంగ అని దేశమంతా చదువుతుంది. కింద వెరోనికా పేరుంటుంది.

సిగ్గేసింది. దాని వెనకే భయం వచ్చింది. పెదనాన్నని పియానో పక్కకి లాగింది.

"పెదనానా, నాను తప్పు సేసీసాననుకుంటన్నాను. అమెరికాది. ఇదే తప్పు."

ప్రభుదాసు ముఖంలో నవ్వు పోలేదు గానీ కొంచెం వాడింది. ఊరంతా డప్పు కొట్టినవాడు కదా, ముందు తన డప్పు గుర్తొచ్చే ఉంటుంది. కానీ అది పైకి అనలేదు.

"అనుకుంటన్నావా, తెలిసినాదా?"

"కాగితం ఆఫీసులోనే తెరుచుకుంటాది. సూడాలి."

"అయితే ఇక్కడేటి సేస్తన్నావే? పద!"

పండుగ భోజనం పళ్ళేలు అప్పుడే పరుస్తున్నారు. మేకమాంసం వాసన వస్తోంది. ప్రభుదాసు ఒక్కసారి అటు చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి, లుంగీలాంటి లొంజీ ఎగగట్టి రోడ్డు మీదకి నడిచాడు. టాక్సీవాడు అడిగింది అడిగినట్టు ఇచ్చేశాడు. బేరం ఆడకుండా టాక్సీ ఎక్కడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఆఫీసు తాళాలు మణిమాల దగ్గరున్నాయి, దారిలోనే ఫోను చేశారు. ఆదివారం కదా, తలకి నూనె పెట్టుకుని కూర్చున్నావిడ, ఆ జిడ్డు జుట్టు మీదే తువ్వాలు చుట్టుకుని వచ్చింది. కరెంటు లేదు. బ్యాటరీ మీద ఒక్క కంప్యూటర్ మాత్రం నడుస్తుంది. వెరోనికా కాగితం తెరిచింది.

ఉంది. కమిటీ పేరు పక్కన బుల్లి గడిలో టిక్కు. ఈ వరస సమాచారం కోసమే, మొత్తంలో కలపకూడదని దాని అర్థం. శిక్షణ పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది కూడా. పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే ఉండిపోయింది, పుట్టినప్పటి నుంచీ విన్నది చేతిలోకి వచ్చేసింది. కింద నలభై ఒక్క పేర్లు. పెన్ను తీసి కాగితం మీద చేత్తో కూడింది. ప్రభుదాసు పక్కన కూర్చుని ఇంకో కాగితం మీద కూడాడు. ఇద్దరికీ తొమ్మిది వేల రెండు వందలే వచ్చింది. కమిటీ తన జేబులోంచి ఒక్క డాలరూ ఇవ్వలేదు.

"ఇప్పుడేటి సేద్దాం?" అంది మణిమాల.

"సెప్పీయాలి, అక్కా."

"సెప్పీడం ఎంతసేపే? ఈ నెలాకరికి వాళ్ళు కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు. తప్పులు సేసీవోళ్ళమని తెలిస్తే పని మనీలావోళ్ళకి పోతాది. పదకొండు మందిమి ఏటి తింటాం? నీ కుర్చీ సంగతి సరే సరి."

ఆ పదకొండు మందిలో ఆరుగురికి ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఇంకొకరు లేరని వెరోనికాకి తెలుసు. మణిమాల చెడ్డది కాదు. భయపడింది, అంతే.

"పోనీ కంప్యూటర్ పొరపాటని రాసెయ్," అంది మణిమాల.

ప్రభుదాసు నవ్వాడు. "కంప్యూటర్ బాప్తిస్మం తీసుకోలేదమ్మా, దాని మీద ఏటేసినా ఊరుకుంటాది. మన గుంట తీసుకున్నాది."

"మీరు ఊరుకోండి, ప్రభుదాసు గారూ! మీకు పింఛనుంది."

"అక్కా," అంది వెరోనికా. "ఆవిడకి సెడ్డపేరొస్తే ఆవిడ ఎక్కడికెల్లి సెప్పుకుంటాది? తప్పు నాదని తెలిసిన మనిషిని నానొక్కదాన్నే. నానే ఊరుకుంటే ఇంకెవులు సెప్తారు?"

మణిమాల తువ్వాలు విప్పి, మళ్ళీ చుట్టుకుంది. కాసేపు కిటికీలోంచి కింద బంగారం కొట్లని చూసింది.

"రాయి," అంది చివరికి. "ఉన్నదున్నట్టు రాయి. నంగి మాటలు రాయకు."

వెరోనికా రాసింది. తమ చర్చిలో తెచ్చిన చేతికి కూడా పేరు చదువుతారని, తను ఆ అలవాటునే మీ కాగితం మీద పెట్టేశానని, పశువుల డాక్టరు ఏ తప్పూ చెయ్యలేదని రాసింది. అప్పుడు గంట మూడు. అమెరికాలో తెల్లవారు నాలుగున్నర. ఉత్తరం వెళ్ళింది గానీ చదివే మనిషి నిద్రలో ఉంది. అరగంట చూశారు. జవాబు లేదు.

"ఫోను సెయ్యి," అన్నాడు ప్రభుదాసు.

"అమ్మో! ఇంత పొద్దున్న లేపితే ఏటనుకుంటాది?" అంది మణిమాల.

"కొంపంటుకున్నాక పొరుగోడి నిద్దర సూస్తారేటి?"

నెట్ రెండుసార్లు తెగింది. మూడోసారి డోరతీ ఎత్తింది. నిద్ర గొంతు. వెరోనికా ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో వాక్యానికే తడబడి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి మెల్లగా చెప్పింది.

"ఖాయమేనా?" అని అడిగింది డోరతీ.

"నేను చేత్తో కూడాను. మా పెదనాన్నా కూడాడు. మీరు కూడా ఒకసారి కూడండి."

ఫోను పెట్టేశాక ముగ్గురూ ఏమీ తోచక కూర్చున్నారు. ప్రభుదాసు కడుపు పెద్దగా మూలిగింది. మణిమాల నవ్వాపుకోలేక కిందకి వెళ్ళి ఆయనకి రెండు సమోసాలూ, అందరికీ టీ తెచ్చింది. పింఛను మాట అన్నందుకు అదే క్షమాపణ కాబోలు. ఆయన అలాగే పుచ్చుకున్నాడు.

అయిదింటికి ఉత్తరం వచ్చింది. ఆ సంగతి మొదటి పేజీలోంచి తీసేశామని మొదటి వాక్యంలోనే ఉంది. మణిమాల గట్టిగా గాలి వదిలింది. తమవైపు ఇద్దరు చూసి సంతకం పెట్టారని, ఆ సిగ్గు తమదేనని డోరతీ రాసింది. వెరోనికా తొమ్మిది నెలల్లో ఎక్కించిన కాగితాలన్నీ ఇలాంటి వరసల కోసం ఆమే మళ్ళీ చూడాలట. తనిఖీ కుర్చీ సంగతి వచ్చే ఏడాది మాట్లాడదామట. కాంట్రాక్టు నిర్ణయం ఎప్పటిలాగే నెలాఖరుకే.

"మళ్ళీ సూడమన్నాదంటే పని ఇంకా మనకాడే ఉన్నట్టు కదే!" అంది మణిమాల. మనిషి ముఖం కాస్త తేటపడింది. "నెలాకరు సంగతి నెలాకరికి సూసుకుందాం. కుర్చీ పోతే పోనీ, నీకు నా కుర్చీలో దిండు ఇస్తాన్లే."

ఉత్తరం అడుగున ఇంకో ఉత్తరం అంటించి ఉంది. పశువుల డాక్టరు శుక్రవారం రాసింది. ఈ ఆరోపణకి మీ జవాబేమిటని సంస్థవాళ్ళు అడిగితే పంపింది. నాలుగే వాక్యాలు. వెరోనికా పెదనాన్న కోసం తెలుగులో చదివింది.

"నేను డబ్బున్న మనిషిని కాను, లెక్కలు పెట్టడానికి నాకు గుమాస్తా లేడు. వంటింటి బల్ల మీద కూర్చుని మూడుసార్లు కూడాను. ఎక్కడ తప్పు చేశానో నాకు తెలియడం లేదు. దయచేసి మీరు ఇంకొక్కసారి లెక్కపెట్టండి."

చివరి మాటని వెరోనికా రెండుసార్లు చదివింది. రెండు రోజులుగా ఆ మనిషి బతిమాలుతోంది. ఒక్కరూ లెక్కపెట్టలేదు. ఆ రెండు రోజులూ తను మెచ్చుకోలు ఉత్తరం చదువుకుంటూ మురిసిపోయింది. ప్రభుదాసు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

డోరతీ కింద ఒక వాక్యం చేర్చింది. 'ఆవిడకి మేం విడిగా క్షమాపణ రాస్తున్నాం. లెక్క సరిచేసినదానివి నువ్వు గనక, ఆ మాట నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు.'

"ఆఫీసు పేరు మీద రాయి," అంది మణిమాల నెమ్మదిగా. "నీ పేరెందుకు? రేపు ఎవులైనా తవ్వితే నీకే ఇబ్బంది."

వెరోనికా రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటలు వెతుక్కోవలసిన పని పడలేదు.

'అమ్మా, మళ్ళీ లెక్కపెట్టాను. మీ లెక్కే సరైనది. మొదటిసారి తప్పు లెక్కపెట్టింది కూడా నేనే. నన్ను క్షమించండి.'

ప్రభుదాసు తెర మీదకి వంగి చూస్తున్నాడు. ఇంగ్లీషు ఆయనకి అంతంత మాత్రం. అచ్చులో రావలసిన పేరు గురించి ఈ సాయంత్రం ఎంతమంది ఫోన్లు చేస్తారో, ఏం చెప్పుకోవాలో, అదీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

"ఆరున్నరకి నీ పేరు రాదన్నమాట," అన్నాడు.

"రాదు, పెదనానా."

"సరే. అందరికీ నానే సెప్తాను. నా నోటితో వాయించిన డప్పే కదా."

వెరోనికా ఉత్తరం కింద తన పేరు రాసింది, ఇంటి పేరుతో సహా, ఒక్క అక్షరం తగ్గించకుండా. ఒకసారి చదువుకుని, పంపేసింది.